నిద్ర పట్టని మనిషి – నిమ్మళపు రంగులు

రంగుకీ మనసుకీ ఏదో చుట్టరికం ఉందని వేరే చెప్పనక్కరలేదు. రాత్రంతా ట్యూబులైటు వెలుగులో తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు చూసీ చూసీ మంటలెత్తిన కళ్ళు, తెల్లవారుతూనే కిటికీ అవతలి వేపచెట్టు మీద పడితే ఎంత హాయిగా ఉంటుందో పరీక్షలు రాసిన ప్రతివారికీ తెలుసు. అయితే మనసును కుదుటపరిచే రంగు ఏది? నీలమా, ఆకుపచ్చా? గోడలకు ఏ రంగు వేయిస్తే ఇంట్లో చికాకులు తగ్గుతాయి? ఈ ప్రశ్నలకు రంగుల కంపెనీల కేటలాగుల్లోనూ, వాస్తు చెప్పేవారి దగ్గరా జవాబులు రెడీగా ఉంటాయి. నేను వాటి జోలికి పోను. ఇదే ప్రశ్నను భుజాన వేసుకుని అరవై ఏళ్ళకు పైగా పనిచేసిన ఒక మనిషి జీవితం చెబుతాను. ఆయన పేరు హెన్రీ మతీస్. ఫ్రెంచివారు ఆన్రీ అని పలుకుతారు. ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారుల్లో పికాసో పక్కన నిలబెట్టి లెక్కించే పేరు.

ఆయన అసలు చిత్రాల్ని కళ్ళారా చూసే భాగ్యం నాకు కలగలేదు. లైబ్రరీలో దొరికిన అచ్చుబొమ్మలే నాకు ఆధారం. తెరిచిన కిటికీలు, అవతల సముద్రం, బల్ల మీద నారింజపళ్ళు, గిన్నెలో ఎర్రచేపలు, పూల గుడ్డ కప్పిన కుర్చీలు - ఆ బొమ్మలు చూస్తే ఈయనెవరో కష్టమంటే ఎరగని అదృష్టవంతుడని అనుకోవటం సహజం. ఆ కారణంగానే ఆయన మీద ఒక నేరం కూడా మోపుతారు. లోకం తగలబడుతుంటే కలిగినవాళ్ళ డ్రాయింగు రూములకు అలంకారాలు చేస్తూ కూర్చున్నాడని. మన కాలేజీ సాహిత్య గోష్ఠుల్లో కళ ఎవరి కోసం అన్న తగువు ఎన్నిసార్లు వచ్చిందో అందరికీ తెలిసిందే. కనుక ఈ నేరారోపణకు కూడా జవాబు చెప్పవలసి ఉంది. ఆ జవాబు ఆయన బతుకులోనే ఉంది.

మతీస్ 1869 డిసెంబరు 31న ఉత్తర ఫ్రాన్సులో, ల కాతో అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పెరిగింది దగ్గరలోని బొహాఁ అనే మరో ఊళ్ళో. అది మబ్బుల దేశం. చుట్టూ చక్కెరదుంప పొలాలు, చిత్తడి నేల, ఫ్యాక్టరీ పొగ. ఏడాదిలో చాలా భాగం ఆకాశమూ నేలా ఒకే బూడిదరంగు. కానీ ఆ ఊళ్ళో ఒక వింత ఉంది. అది నేతపనివాళ్ళ ఊరు. పారిస్ సంపన్నులు కట్టుకునే మేలైన పట్టుబట్టలు ఆ ఊరి మగ్గాల మీద తయారయ్యేవి. బయట బురద, లోపల మగ్గం మీద నిగనిగలాడే రంగులు! మతీస్ వంశంలోనూ నేతగాళ్ళు ఉన్నారు. తండ్రికి ధాన్యం, విత్తనాల వ్యాపారం. దుకాణంలో ఇళ్ళకు వేసే రంగులు కూడా అమ్మేవారు. ఆ విభాగం తల్లిది. ఏ గోడకు ఏ రంగు నప్పుతుందో కొనవచ్చినవారికి ఆవిడే చెప్పేది. తీరిక వేళల్లో పింగాణీ పాత్రల మీద బొమ్మలు వేసేది. రంగు అనేది మ్యూజియంలో వేలాడేది కాదు, ఇంట్లో వాడుకునేది అన్న సంగతి ఆ కుర్రవాడికి తల్లి దుకాణంలోనే తెలిసి ఉంటుందని నా నమ్మకం.

తండ్రి గట్టి మనిషి. కొడుకు నాలుగు రాళ్ళు సంపాదించే వృత్తిలో పడాలని కోరిక. మతీస్‌ను పారిస్ పంపి లా చదివించాడు. పరీక్ష పాసై తిరిగి వచ్చి సేంట్ కాంటేన్ అనే పట్నంలో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా చేరాడు. పని ఏమిటయ్యా అంటే దస్తావేజులకు నకళ్ళు తీయటం. ఇరవయ్యో ఏట అపెండిసైటిస్ వచ్చి మంచం పట్టాడు. నెలల తరబడి పడక. విసుగెత్తిన కొడుక్కి కాలక్షేపానికి ఉంటుందని తల్లి ఒక రంగుల పెట్టె కొనిచ్చింది.

ఆ పెట్టె ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఇతరుల శాసనానికి తలవంచి నడిచే బతుకులో మొదటిసారి స్వేచ్ఛ, ఏకాంతం, నిమ్మళం అనుభవించానని తర్వాత రోజుల్లో ఆయన చెప్పుకున్నాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి గమనించాలి. మతీస్ చేతికి రంగు మొదట వచ్చింది కళగా కాదు. మంచం మీద ఉన్న రోగికి ఉపశమనంగా వచ్చింది. ఆ తర్వాత ఆయన ఎన్ని సిద్ధాంతాలు చెప్పినా ఆ మొదటి అనుభవం చెరిగిపోలేదు. జబ్బు తగ్గాక, ఆఫీసుకు వెళ్ళబోయే ముందు, తెల్లవారకుండానే లేచి నేతబట్టల డిజైన్లు నేర్పే ఊరి బడికి వెళ్ళి డ్రాయింగు నేర్చుకునేవాడు. 1891లో తండ్రిని ఎలాగో ఒప్పించి ఉద్యోగం వదిలి పారిస్ చేరాడు.

పారిస్‌లో ఆయన కోసం పూలదండలు పట్టుకుని ఎవరూ ఎదురుచూడలేదు. ప్రభుత్వ కళాశాల ప్రవేశ పరీక్షలో తప్పాడు. గుస్తావ్ మొరో అనే మంచి గురువు దొరికి తన తరగతిలో కూర్చోనిచ్చాడు కాబట్టి సరిపోయింది. 1898లో అమేలీ పారేర్‌ను పెళ్ళి చేసుకున్నాడు. అంతకు ముందే పుట్టిన కూతురు మార్గరీత్‌ను అమేలీ తన బిడ్డగా పెంచింది. తర్వాత ఇద్దరు కొడుకులు. బొమ్మలు అమ్ముడుపోవు. అమేలీ టోపీల దుకాణం పెట్టి సంసారం లాగింది. అంత ఇబ్బందిలోనూ 1899లో సెజాన్ వేసిన స్నానాల బొమ్మ ఒకటి, తన తాహతుకు మించి, కొన్నాడు. డబ్బు లేక అల్లాడిన రోజుల్లో కూడా దాన్ని అమ్మలేదు. ముప్ఫై ఏడేళ్ళు ఇంట్లో ఉంచుకుని 1936లో పారిస్ నగర మ్యూజియానికి ఇచ్చేశాడు. ఎదురుగా ఉన్న ఒక మంచి బొమ్మ మనిషికి దన్నుగా నిలుస్తుందని నమ్మినవాడు చేసే పని అది.

1902లో పిడుగు పడింది. అమేలీ తల్లిదండ్రులు అంబేర్ అనే పెద్ద కుటుంబం దగ్గర నమ్మకంగా పనిచేసేవారు. ఆ కుటుంబం లేని ఆస్తిని ఉన్నట్టు చూపించి దేశాన్నంతా మోసగించిందని బయటపడేసరికి, ఏ పాపమూ ఎరగని ఆ దంపతులు వీధిన పడ్డారు. మామగారిని అరెస్టు చేశారు. తర్వాత నిర్దోషి అని వదిలేసినా పరువు, డబ్బు, ఆరోగ్యం మూడూ పోయాయి. ఆ గొడవల్లో మతీస్ నలిగిపోయాడు. నిద్ర దూరమయింది. డాక్టర్లు విశ్రాంతి తీసుకోమంటే పెళ్ళాం బిడ్డలతో తండ్రి ఊరికి చేరాడు. ఆ రెండు మూడేళ్ళలో ఆయన వేసిన బొమ్మలన్నీ మసక రంగులు, ముదురు రంగులే. నిద్రలేమి అప్పటి నుంచీ ఆయనను చివరిదాకా వదలలేదు. రాత్రిళ్ళు అమేలీ పక్కన కూర్చుని పుస్తకాలు చదివి వినిపించేది. నిమ్మళానికి మారుపేరయిన ఆ చిత్రాలన్నీ వేసినవాడు, పడుకుంటే కన్ను మూతపడని మనిషి! ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే తక్కిన కథంతా కొత్తగా కనిపిస్తుంది.

1904 వేసవిలో సిన్యాక్ అనే చిత్రకారుడి ఆహ్వానం మీద దక్షిణ సముద్రతీరానికి వెళ్ళాడు. 1905 వేసవిలో కొల్యూర్ అనే జాలరుల పల్లెలో, తనకంటే చిన్నవాడైన దెరేన్‌తో కలిసి పనిచేశాడు. ఉత్తరాది మబ్బు కళ్ళకు దక్షిణాది ఎండ తగిలింది. చెట్టు కాండం ఎర్రగా, నీడ నీలంగా, పడవ తెరచాపలు గులాబీగా వచ్చాయి. ఆ ఏడాది శరత్కాలపు ఎగ్జిబిషన్‌లో ఈ బొమ్మలు పెడితే పారిస్ పగలబడి నవ్వింది. ముఖంలో ఆకుపచ్చ చారలతో, పెద్ద టోపీతో భార్య బొమ్మ ఒకటి వేశాడు. జనం దాని ముందు గుమికూడి ఎగతాళి చేశారు. లూయీ వోసెల్ అనే విమర్శకుడు ఈ గుంపును అడవి మృగాలతో పోల్చాడు. ఆ పేరే చరిత్రలో నిలిచిపోయింది. అమెరికా నుంచి వచ్చి పారిస్‌లో స్థిరపడ్డ స్టైన్ కుటుంబం ఆ టోపీ బొమ్మను 500 ఫ్రాంకులకు కొన్నది. తమాషా ఏమిటంటే, ఈ అడవి మృగం చూడటానికి గడ్డం దువ్వుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కోటు బొత్తాలు సరిగ్గా పెట్టుకున్న ప్రొఫెసరులా ఉండేవాడు.

1908లో ఆయన ఒక వ్యాసం రాశాడు. తాను కోరేది సమతూకమూ, స్వచ్ఛతా, ప్రశాంతీ గల కళ అనీ, బుద్ధిని అరగదీసుకుని పనిచేసే ప్రతి మనిషికీ, వర్తకుడికైనా రచయితకైనా, అది ఒళ్ళు అలిసినప్పుడు చేరగిలబడే మంచి వాలుకుర్చీలా ఉండాలనీ దాని సారాంశం. ఈ వాలుకుర్చీ ఆయన మెడకు చుట్టుకుంది. శత్రువులంతా ఆ ముక్కనే పట్టుకున్నారు. కాని ఆ మాట రాసిన మనిషి దగ్గర అప్పటికి వాలుకుర్చీ సుఖం ఏమీ లేదు. తనకు లేనిది తనలాంటి వాళ్ళకు చేసి ఇవ్వాలనుకున్నాడు. ఆకలి తెలిసినవాడు అన్నం వండినట్టు అని నేను అర్థం చేసుకుంటాను.

మరి ఆ ప్రశాంతి ఏ రంగులో ఉంది? ఆయన చెప్పిన జవాబు చాలామందికి రుచించదు. ఏ ఒక్క రంగులోనూ లేదు. అది రంగుకీ రంగుకీ మధ్య ఉన్న సంబంధంలో ఉంది. అదే 1908లో మాస్కో బట్టల వర్తకుడు ష్చూకిన్ భోజనశాల కోసం ఒక పెద్ద చిత్రం వేశాడు. మొదట అది నీలం. ఎందుకో తృప్తి కలగలేదు. గోడా బల్లా కలిపి మొత్తం ఎర్రగా మార్చేశాడు. కిటికీ అవతలి తోట ఆకుపచ్చగానే ఉంది. ఆ కాస్త ఆకుపచ్చ, అంత ఎరుపును పట్టి నిలిపింది. 1911లో తన స్టూడియో బొమ్మ వేసినప్పుడూ ఇదే కథ. గోడలు మొదట నీలం, నేల గులాబీ, సామాన్లు పసుపు. చివరికి అన్నింటి మీదా ఒకే ఎరుపు పూశాడు. అందులో కుర్చీకీ బల్లకీ కనిపించే గీతలు గీసినవి కావు. ఎరుపు పూయకుండా వదిలిన సన్నటి సందుల్లోంచి అడుగు రంగు కనబడటమే. ఆ చిత్రం న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. ఎరుపు అంటే ఆవేశం, నీలం అంటే శాంతి అని పాఠ్యపుస్తకంలా వల్లించేవారు ఆ ఎర్ర గదిని చూసి ఏమంటారో! ఆ గది అరవదు. మధ్యాహ్నపు నిశ్శబ్దంలా ఉంటుంది.

రంగు ఎంత మేర ఉందన్నది కూడా ముఖ్యమేనని ఆయన పదేపదే చెప్పేవాడు. గోరంత నీలమూ గోడంత నీలమూ ఒకటి కావు. ఇదేమీ మంత్రం కాదు, కంటి స్వభావం. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ 1839 నాటికే, పక్కపక్కన పెట్టిన రెండు రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపిస్తాయని పుస్తకం రాశాడు. ఎరుపును చాలాసేపు చూసిన కన్ను తెల్లగోడ మీద ఆకుపచ్చ ఛాయను చూస్తుంది. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సర్జన్ తెల్లటి ఆపరేషన్ థియేటరు కళ్ళను బాధిస్తోందని గోడల్నీ గుడ్డల్నీ ఆకుపచ్చ చేయించాడు. నేడు మన ఆస్పత్రుల్లో సర్జన్లు తొడుక్కునే ఆకుపచ్చ గౌనుల వెనక ఉన్న సూత్రం ఇదే. నెత్తుటి ఎరుపు చూసి అలిసిన కంటికి దాని జోడు రంగు విశ్రాంతి. అంటే ఆకుపచ్చ అన్ని వేళలా అందరికీ మందు అని కాదు. ఆ ఎరుపు పక్కన, ఆ పనిలో, అది మందు. దీన్ని మరచిపోతే ఏమవుతుందో చెప్పే కథ కూడా ఉంది. 1979లో అమెరికాలో నౌకాదళపు ఖైదు గది ఒకదానికి ఒక రకం గులాబీ రంగు వేసి, ఖైదీలు శాంతించారని గొప్పగా ప్రకటించారు. దాన్ని చూసి మరికొన్ని చోట్ల కూడా వేశారు. తర్వాత జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో, 2015లో స్విట్జర్లాండు జైలులో చేసిన దానితో సహా, ఆ మహిమ నిలబడలేదు. డబ్బాలో దొరికే శాంతి ఎక్కడా లేదు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. నలభై నాలుగేళ్ళ మతీస్ సైన్యంలో చేరతానంటే వయసూ ఆరోగ్యమూ చూసి వద్దన్నారు. తల్లి ఉన్న ఊరు జర్మనుల చేతిలో చిక్కింది. తమ్ముణ్ణి ఖైదు చేసి తీసుకుపోయారు. ఆ ఏడాది కొల్యూర్‌లో ఆయన వేసిన కిటికీ బొమ్మలో తలుపుల అవతల సముద్రం లేదు, వెలుగు లేదు, నిలువునా నలుపు. నిమ్మళాన్ని ప్రేమించేవాడు చీకటిని చూడనట్టు నటించాడని ఎవరైనా అంటే ఈ బొమ్మ చూపించవచ్చు.

1917 చివర ఒంటరిగా నీస్ పట్టణానికి వచ్చాడు. వచ్చిన కొత్తలో విడవకుండా వాన. పెట్టె సర్దుకుని వెళ్ళిపోదామనుకునేసరికి మబ్బు విడిపోయి ఎండ వచ్చింది. ఆ వెలుగు చూసి ఆగిపోయాడు. తక్కిన జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడిచింది. ఆయన దినచర్య ఏ ఆఫీసు గుమాస్తాకూ తీసిపోదు. పొద్దున పని, మధ్యాహ్నం పని, వయొలిన్ సాధన, సముద్రంలో పడవ వేసుకుని తెడ్లు లాగటం. ఎక్కడ అద్దెకున్నా ఆ గదిని ముందు తన చేతులతో మార్చుకునేవాడు. విద్యార్థిగా ఉన్నప్పటి నుంచీ పాత గుడ్డపేలికలు ఏరి కొనటం ఆయనకు వ్యసనం. పూల చీట్లు, కర్టెన్లు, తివాచీలు, మొరాకో నుంచి తెచ్చిన తెరలు - ఇవన్నీ ఆయనకు నిఘంటువులాంటివి. ఇవాళ ఈ పసుపు తెర పక్కన ఈ నీలం కూజా, రేపు అదే కూజా ఎర్ర గుడ్డ మీద. వస్తువు అదే, గది అదే. రంగు జోడీ మారగానే గది గుణం మారిపోయేది. నిత్య జీవితంలో రంగును వాడుకోవటమంటే ఇదేనని నాకు అనిపిస్తుంది. కొత్తవి కొనటం కాదు, ఉన్నవాటిని కళ్ళతో చూసి మార్చి పెట్టుకోవటం.

అసలు పరీక్ష డెబ్భై దాటాక వచ్చింది. 1939లో భార్యతో విడిపోయాడు. 1940లో ఫ్రాన్సు ఓడిపోయింది. బ్రెజిల్ వెళ్ళిపోవటానికి కాగితాలన్నీ చేతిలో ఉన్నాయి. దేశంలో కాస్త విలువ ఉన్నవాళ్ళందరూ వెళ్ళిపోతే ఇంక దేశంలో మిగిలేదెవరు అనుకుని ఆగిపోయాడు. 1941 జనవరిలో పేగు కాన్సరుకు లియాఁ నగరంలో ఆపరేషన్. తర్వాత ఊపిరితిత్తుల్లోకి రక్తపుగడ్డ చేరి చావు అంచు దాకా వెళ్ళాడు. బతికి బయటపడితే అక్కడి నన్‌లు ఆయనకు చచ్చి లేచిన మనిషి అని పేరు పెట్టారు. కడుపు కండరాలు దెబ్బతిన్నాయి. ఈజెల్ ముందు ఎక్కువసేపు నిలబడటం ఇక కుదరదు. మంచం, లేకపోతే చక్రాల కుర్చీ. ఇరవై ఏళ్ళ వయసులో ఎలా మొదలైందో మళ్ళీ అక్కడికే వచ్చింది: మంచం మీద రోగి, చేతిలో రంగు.

ఈసారి కుంచెకు బదులు కత్తెర పట్టాడు. సహాయకులు కాగితాలకు చిక్కటి రంగు పూసి ఆరబెట్టి ఇచ్చేవారు. మతీస్ పెన్సిలు గీత కూడా లేకుండా నేరుగా ఆ రంగులోకి కత్తెర పోనిచ్చేవాడు. ఆకులు, నాచు, పక్షులు, నర్తకులు రాలిపడేవి. ఆ ముక్కల్ని గోడకు పిన్నులతో గుచ్చి, కాస్త ఎడమకు, కాస్త పైకి అంటూ రోజుల తరబడి జరిపించేవాడు. లిదియా దెలెక్తోర్స్కాయా అనే రష్యన్ మహిళ ఆ పనులన్నీ చూసుకునేది. అలా కత్తిరించిన ఇరవై బొమ్మలతో, ఆయన చేతిరాతతో 1947లో 'జాజ్' అనే పుస్తకం వచ్చింది.

ఆ పుస్తకం తయారవుతున్న రోజుల్లోనే, 1944 వసంతంలో, అమేలీనీ మార్గరీత్‌నూ గెస్టాపో అరెస్టు చేసింది. ఇద్దరూ రహస్య ప్రతిఘటన ఉద్యమంలో పనిచేస్తున్నారు. అమేలీకి ఆరు నెలల జైలు. మార్గరీత్‌ను చిత్రహింసలు పెట్టి జర్మనీ నిర్బంధ శిబిరానికి వెళ్ళే రైలెక్కించారు. దారిలో రైలు ఆగిపోవటం వల్ల బతికి బయటపడింది. నెలల తరబడి ముసలాయనకు కూతురి జాడ తెలియదు. కత్తెర మాత్రం ఆగలేదు. దీన్ని పలాయనమని అంటారా? ఆయన దగ్గర తుపాకీ లేదు, లేచి నిలబడే శక్తీ లేదు. ఉన్నది ఒక్క పని. ఆ పని వదిలితే మనిషి మిగలడు. 1945లో కూతురు వచ్చి జరిగినదంతా చెబితే విన్నాడు. విని ఆమె ముఖాన్ని మళ్ళీ మళ్ళీ గీశాడు. పారిపోయేవాడు అలా ఎదురుగా కూర్చుని ఆ ముఖాన్ని చూడలేడు.

చివరి సంవత్సరాలు నీస్ కొండ మీద రెజీనా అనే పాత హోటలు భవనంలో గడిచాయి. తోటలోకి వెళ్ళలేడు కనుక గోడల మీదే ఆకులూ పండ్లతో తోట పెంచుకున్నాడు. రాత్రిళ్ళు నిద్ర రాక కప్పు చూస్తూ పడుకోవాలి కనుక, పొడవాటి కర్రకు బొగ్గు కట్టి, మంచం మీద నుంచే తన మనవల ముఖాలు కప్పు మీద గీసుకున్నాడు. వాళ్ళు తోడుంటారని. 1952 వేసవిలో ఈతగాళ్ళను చూద్దామని దగ్గరి ఊరికి వెళ్ళి, ఎండ దెబ్బకు తట్టుకోలేక తిరిగి వచ్చి, తన ఈతకొలను తానే చేసుకోదలిచాడు. భోజనాల గది గోడల చుట్టూ తల ఎత్తున తెల్ల కాగితపు పట్టీ అతికించి, దాని మీద నీలం కాగితపు ఈతగాళ్ళను వదిలాడు. నీళ్ళు లేవు, తెలుపూ నీలమూ తప్ప ఏమీ లేవు. ఎనభై రెండేళ్ళ రోగి కుర్చీలో కూర్చుని చల్లబడ్డాడు.

వాన్స్ ఊళ్ళో చర్చి సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. ఆపరేషన్ తర్వాత ఆయనకు సేవ చేసిన మోనిక్ బూర్జువా అనే నర్సు తర్వాత సన్యాసినిగా మారింది. ఆమె ఉండే మఠానికి ఒక చిన్న ప్రార్థనామందిరం కావలసి వచ్చింది. ఆమె అడిగిన చిన్న సలహా మతీస్‌కు నాలుగేళ్ళ పని అయి కూర్చుంది. గాజు కిటికీలకు ఆయన ఎంచుకున్నవి మూడే రంగులు: పసుపు, ఆకుపచ్చ, నీలం. ఎదుటి గోడల నిండా తెల్లటి పింగాణీ పలకలు, వాటి మీద నల్లటి గీతలు. పొద్దు తిరిగే కొద్దీ ఆ మూడు రంగులూ నేల మీదా గోడల మీదా నడుస్తాయి. గాజులో ఎక్కడా ఎరుపు లేకపోయినా ఆ తెలుపు మీద గులాబీ ఛాయ తోస్తుందని చూసినవారు రాశారు. షెవ్రోల్ చెప్పిన కంటి ధర్మమే అక్కడ ప్రార్థనగా మారింది. లోపలికి వచ్చినవారు, నమ్మినా నమ్మకపోయినా, గుండె బరువు దించుకుని వెళ్ళాలని ఆయన కోరిక. 1951 జూన్ 25న ప్రారంభోత్సవం జరిగితే ఒంట్లో బాగుండక తాను వెళ్ళలేకపోయాడు.

మనం ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఏ రంగు కొనాలి అన్నది కాదు. చూపు ఎక్కడ నిలుస్తోందో గమనించటం. రోజూ కూర్చునే చోట కంటికి ఎదురుగా ఉన్నది ఏమిటి? దాని పక్కన ఏముంది? ఎక్కువయింది ఏది, తక్కువయింది ఏది? నాలుగు రంగులు గోల చేస్తుంటే రెండు తీసేస్తే సరిపోతుందేమో. తెల్లగా బోసిపోయిన గోడకు ఒక పాత చీర ముక్క చాలునేమో. హాస్టలు గదిలో కూడా బల్ల మీద గుడ్డ మార్చటానికి ఎవరి పర్మిషనూ అక్కరలేదు. అలా చేస్తే దిగుళ్ళన్నీ పోతాయని నేను చెప్పను, మతీస్‌కే పోలేదు. నిద్ర చివరిదాకా సరిగా రాలేదు. ఆయన సాధించింది దిగులు లేని జీవితం కాదు, దిగులు ఉన్నా చేయి వణకని పని. ఆ పని ముందు కూర్చున్న మనకు కాసేపు నిమ్మళం దొరుకుతుంది. వాలుకుర్చీ చేసిన వడ్రంగి అందులో కూర్చోకపోయినా కుర్చీ కుర్చీయే.

1954 నవంబరు 3న నీస్‌లో గుండెపోటుతో కన్నుమూశాడు. ఎనభై నాలుగేళ్ళు. అంతకు రెండేళ్ళ ముందు, తాను పుట్టిన ల కాతో ఊరికి తన బొమ్మలు కొన్ని ఇచ్చి అక్కడ ఒక మ్యూజియం ఏర్పాటు చేయించాడు. వాన్స్ కోసం మొదట్లో వేసి పక్కన పెట్టిన కిటికీ నమూనా ఒకటి ఉంది, తేనెటీగలది. ఆయన పోయాక దాన్ని రంగు గాజులతో తయారుచేసి అదే ఊరి పసిపిల్లల బడిలో అమర్చారు. ఆ బూడిదరంగు ఆకాశం కింద, అక్షరాలు ఇంకా రాని పిల్లల మీద ఆ రంగుల వెలుగు పడింది.